మైక్రోవేవ్ రియాక్టర్‌లో ఎర్బియం పొడితో ఉష్ణోగ్రత కొలవొచ్చా?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకే తెలుస్తుంది. మీరు మైక్రోవేవ్ రియాక్టర్‌లో గాజు సీసా పెట్టి ఒక రసాయన చర్య నడుపుతున్నారు. లోపల థర్మోకపుల్ (లోహపు తీగలతో ఉష్ణోగ్రత కొలిచే సాధనం) పెడితే తీగ దగ్గర నిప్పురవ్వలు వస్తున్నాయి, అంకెలు ఎగిరిపడుతున్నాయి. బయటినుంచి ఐఆర్ గన్ (పరారుణ కాంతిని చూసి ఉష్ణోగ్రత చెప్పేది) పెడితే అది అసలు కంటే బాగా తక్కువ చూపిస్తోంది. ఎవరో యిటర్బియం, ఎర్బియం అనే మూలకాలు కలిపిన ఫ్లోరైడ్ పొడి ఇచ్చి, దాని మీద 980 నానోమీటర్ల లేజర్ వేసి, వచ్చే రెండు ఆకుపచ్చ పట్టీల నిష్పత్తి చూడమన్నారు. హాట్‌ప్లేట్ మీద గ్రాఫ్ చక్కగా వచ్చింది. మర్నాడు అదే గదిలో అదే పొడితో చూస్తే పది డిగ్రీల తేడా. "దీన్ని నమ్మొచ్చా, లేక పేపర్లు రాసుకోవడానికే పనికొస్తుందా?" అన్నది మీ అసలు ప్రశ్న. జీవకణం లోపల కూడా ఇలాగే కొలుస్తారట కదా అని చివర్లో ఇంకొకటి అడిగారు.

నమ్మొచ్చు. పదిహేనేళ్లుగా ఇలాంటి పొడులతోనే కుస్తీ పడుతున్నాను, కాబట్టి ధైర్యంగానే చెప్తున్నాను. కాకపోతే ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఆ పొడి చెప్పేది తన ఉష్ణోగ్రత, మీ ద్రావణానిది కాదు. ఆ రెండూ ఒకటే అయ్యేలా చూసుకోవడం కొలిచేవాళ్ల పని. మీకు వచ్చిన పది డిగ్రీల తేడా కూడా దాదాపు ఖాయంగా అక్కడే పుట్టి ఉంటుంది.

ముందు ఐఆర్ గన్ సంగతి తేల్చేద్దాం. అది 8 నుంచి 14 మైక్రాన్ల పరారుణ కాంతిని చూస్తుంది. ఆ కాంతికి గాజు పారదర్శకం కాదు, గోడతో సమానం. అంటే మీ గన్ చూస్తున్నది సీసా బయటి చర్మాన్ని. మైక్రోవేవ్‌లో ద్రవం లోపల్నుంచి వేడెక్కుతుంది, గాజు పెద్దగా వేడెక్కదు, పైగా బయట గాలి తగులుతుంటుంది. అందుకే గన్ ఎప్పుడూ వెనకబడి ఉంటుంది. దాని తప్పేం లేదు, మనం అడిగింది దానికి కనిపించని చోటు గురించి. అదే గాజు 980కి గానీ, 520-550 మధ్య ఉండే ఆకుపచ్చకి గానీ అడ్డం రాదు. ఈ పద్ధతికి మీ దగ్గర ఉన్న అసలు బలం ఇదే.

ఇప్పుడు పొడి. మీకిచ్చింది బహుశా సోడియం యిట్రియం ఫ్లోరైడ్ అయ్యుంటుంది, అందులో యిట్రియం స్థానాల్లో సుమారు 20 శాతం యిటర్బియం, 2 శాతం ఎర్బియం. ఈ రంగంలో అందరూ మొదట పట్టుకునే వంటకం అదే. సరదా సంగతి ఏమిటంటే యిట్రియం, యిటర్బియం, ఎర్బియం మూడింటికీ పేరు ఒకే ఊరి నుంచి వచ్చింది. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ దగ్గర యిటర్బీ అనే పల్లె, అక్కడి గనిలో దొరికిన నల్ల రాయి. ఆ ఊరి పేరున్న నాలుగో మూలకం టెర్బియం. ఆ నాలుగోది నన్ను ఎలా ఏడిపించిందో కాసేపట్లో చెప్తాను.

యిటర్బియం, ఎర్బియం లాంటి మూలకాల్ని లాంథనైడ్లు అంటారు, వీటి అయాన్లలో కాంతికి కారణమయ్యే 4ఎఫ్ ఎలక్ట్రాన్లు బయటి 5ఎస్, 5పీ పొరల చాటున దాక్కుని ఉంటాయి. చుట్టూ ఏ స్ఫటికం ఉన్నా వాటికి పెద్దగా తగలదు. అందుకే వీటి గీతలు సన్నగా ఉంటాయి, రంగు ఎక్కడికీ జరిగిపోదు. మామూలు సేంద్రియ రంగులు లేజర్ కింద కాసేపటికి వెలిసిపోతాయి. ఇవి గంటల తరబడి వేసినా అలాగే ఉంటాయి.

980 లేజర్ కాంతిని పట్టుకునేది యిటర్బియం. అది ఆ శక్తిని పక్కనున్న ఎర్బియంకి రెండు విడతలుగా అందిస్తుంది. రెండు చిన్న వాయిదాలు కలిసి ఒక పెద్ద మొత్తం అయినట్టు, రెండు పరారుణ ఫోటాన్లు కలిసి ఒక ఆకుపచ్చ ఫోటాన్ అవుతుంది. దీన్ని అప్‌కన్వర్షన్ అంటారు. యిటర్బియం నుంచి ఎర్బియంకి ఇలా శక్తి చేరుతుందని 1966లో ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా ఒజెల్ చూపించాడు. అదే రోజుల్లో సోవియట్ శాస్త్రవేత్తలు ఒవ్స్యాంకిన్, ఫియోఫిలోవ్ వేరుగా అదే దారికి వచ్చారు.

ఎర్బియంలో ఆకుపచ్చ ఇచ్చే స్థాయిలు రెండు, పక్కపక్కనే ఉంటాయి. ఇల్లూ అటకా అనుకోండి. ఇంట్లోంచి దిగివచ్చే ఎలక్ట్రాన్ 545 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది, అటక మీంచి దిగేది 525 దగ్గర. అటక ఎత్తు స్పెక్ట్రోస్కోపీ వాళ్ల లెక్కలో సుమారు 700 నుంచి 800 వేవ్‌నంబర్లు (శక్తిని చెప్పడానికి వాళ్లు వాడే కొలమానం). గది ఉష్ణోగ్రత దగ్గర ఉండే వేడి ఊపు 208 వేవ్‌నంబర్లు. అంటే అటక ఎక్కడం కష్టమే, అసాధ్యం మాత్రం కాదు. వేడి పెరిగేకొద్దీ ఎక్కేవాళ్లు పెరుగుతారు. ఎక్కడం, దిగడం చాలా వేగంగా జరుగుతుంది కాబట్టి రెండు చోట్లా జనాభా ఎప్పుడూ బోల్ట్‌జ్‌మన్ సూత్రం (ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంతమంది పై స్థాయిలో ఉంటారో చెప్పేది) ప్రకారమే సర్దుకుని ఉంటుంది. 525 పట్టీని 545 పట్టీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి సహజ లాగరిథమ్‌ని, కెల్విన్‌లో ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే సరళరేఖ రావాలి. దాని వాలే అటక ఎత్తు.

అంకెల్లో చూద్దాం. అటక ఎత్తు 750 అనుకుంటే వాలు సుమారు 1080 కెల్విన్. 300 కెల్విన్ దగ్గర మీ నిష్పత్తి 0.30 ఉంటే 310 దగ్గర 0.337 అవుతుంది, 400 దగ్గర 0.74, 500 దగ్గర 1.26. గది ఉష్ణోగ్రత దగ్గర ఒక్క డిగ్రీకి నిష్పత్తి 1.2 శాతం మారుతుంది. 500 కెల్విన్ దగ్గరికి వెళ్లేసరికి డిగ్రీకి 0.43 శాతమే. అంటే మీ నిష్పత్తిని అర శాతం ఖచ్చితత్వంతో కొలవగలిగితే, చల్లగా ఉన్నప్పుడు 0.4 డిగ్రీల వరకూ చెప్పగలరు, బాగా వేడిగా ఉన్నప్పుడు డిగ్రీకి కొంచెం పైన. అంతకు మించి దశాంశాలు రాస్తే అది ఉష్ణోగ్రత కాదు, కాలిక్యులేటర్ ఉదారత.

అటక ఎంత ఎత్తు ఉంటే మంచిది అనే ప్రశ్నకి 2020లో మార్కుస్ సూటా, ఆండ్రీస్ మైయెరింక్ చక్కటి లెక్క ఇచ్చారు. ఆ ఉష్ణోగ్రత దగ్గర ఉండే వేడి ఊపుకి 2 రెట్ల నుంచి 3.41 రెట్ల మధ్య ఉండాలి. మరీ పొట్టిగా ఉంటే నిష్పత్తి మారడమే కనపడదు, మరీ ఎత్తుగా ఉంటే పైకి ఎక్కేవాళ్లే ఉండరు. ఈ లెక్కలో 750ని పెట్టి చూడండి, ఎర్బియంకి అనువైన పరిధి సుమారు 45 నుంచి 265 డిగ్రీల సెల్సియస్. మీ మైక్రోవేవ్ చర్యలు జరిగే చోటు సరిగ్గా అదే. పొడి ఎంపికలో తప్పేం లేదు.

మరి పది డిగ్రీల తేడా ఎక్కడిది? నేను మొదట అనుమానించేది లేజర్‌ని.

పెనం కాలిందో లేదో చూడ్డానికి నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తాం కదా, ఆ నీళ్లు పెనాన్ని కాస్త చల్లార్చి మరీ చెప్తాయి. ఇక్కడ వ్యవహారం తిరగబడుతుంది, చూడ్డానికి వేసిన లేజరే పొడిని కాలుస్తుంది. యిటర్బియం మింగిన శక్తిలో ఆకుపచ్చగా తిరిగి వచ్చేది చాలా కొద్ది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం వేడే. పొడిలో రేణువుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి ఆ వేడి తొందరగా బయటికి పోదు. పైగా ద్రావణంలో నీరు ఉంటే 980 దగ్గర నీరు కూడా లేజర్‌ని తాగుతుంది. ఈ ఒక్క కారణం చేతే శరీర కణజాలాల మీద పనిచేసేవాళ్లు 808 నానోమీటర్ల వైపు, నియోడిమియం వైపు వెళ్లారు.

ఇందులో నేను తిన్న దెబ్బ చెప్తాను. మొదటి ఏడాది, పొడిని బిళ్లగా నొక్కి, నీళ్లు తిరిగే రాగి దిమ్మ మీద పెట్టాను. దిమ్మ 30 డిగ్రీలు, నా పొడి మాత్రం 42 అంటోంది. పొడి తయారీలో లోపం ఉందనుకుని మూడు వారాలు మళ్లీ మళ్లీ కొత్త బ్యాచ్‌లు చేశాను. టెన్షన్‌తో నిద్ర లేదు. ఒక రోజు డిటెక్టర్ నిండిపోతోందని లేజర్ కరెంట్ తగ్గించాను, ఉష్ణోగ్రత 35కి దిగింది. దిమ్మ ఎక్కడికీ కదల్లేదు! పొడి మొదటినుంచీ నిజమే చెబుతోంది, లేజర్ పడ్డ చోట అది నిజంగానే 42 డిగ్రీలు ఉంది. నేనే వినలేదు.

అప్పటినుంచి ఏ కొత్త ఏర్పాటు చేసినా నేను మొదట చేసే పని ఇది. వస్తువు ఉష్ణోగ్రత స్థిరంగా ఉంచి, లేజర్ పవర్‌ని నాలుగైదు మెట్లుగా మార్చి, ప్రతి మెట్టు దగ్గరా పొడి చెప్పే ఉష్ణోగ్రత రాసుకుంటాను. తక్కువ పవర్ల దగ్గర అది సరళరేఖలా పడుతుంది. ఆ గీతని సున్నా పవర్ దాకా పొడిగిస్తే వచ్చేది అసలు ఉష్ణోగ్రత. అది మీ ప్లాటినం థర్మామీటర్‌తో కలిస్తే సరే. కలవకపోతే మిగతా కొలతలన్నీ ఆపేసి కారణం వెతకాలి. పవర్ తగ్గిస్తే వెలుగు విపరీతంగా పడిపోతుందని మీరు అంటారు. నిజమే, రెండు ఫోటాన్ల వ్యవహారం కాబట్టి పవర్ సగం చేస్తే ఆకుపచ్చ నాలుగో వంతు అవుతుంది. దానికి మందు పవర్ పెంచడం కాదు, డిటెక్టర్‌కి ఎక్కువసేపు టైమ్ ఇవ్వడం, లేదా లేజర్‌ని ముక్కలు ముక్కలుగా వేసి మధ్యలో పొడి చల్లారనివ్వడం.

రెండో అనుమానితుడు మీ గది దీపం. నవ్వకండి. ఇదిగో టెర్బియం కథ ఇక్కడే. ఒకప్పుడు మా ల్యాబ్‌లో మధ్యాహ్నం కొలతలు బాగా వచ్చేవి, సాయంత్రం ఆరు దాటాక నాలుగు డిగ్రీలు తక్కువ చూపించేది. ఏసీ అన్నారు, వోల్టేజ్ అన్నారు, ఒక మిత్రుడు సరదాగా వాస్తు కూడా అన్నాడు. అసలు సంగతి, చీకటి పడగానే ఎవరో ట్యూబ్‌లైట్ వేసేవాళ్లు. ట్యూబ్‌లైట్‌లో పాదరసం గీత ఒకటి 546 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. మూడు రంగుల పూత ఉన్న ట్యూబుల్లో, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో ఆకుపచ్చ ఇచ్చేది టెర్బియం, అది కూడా 545 దగ్గరే వెలుగుతుంది. రెండూ వెళ్లి నా 545 కిటికీలో, అంటే ఆ పట్టీ కోసం నేను కలిపి లెక్కేసే నానోమీటర్ల పరిధిలో, కూర్చున్నాయి. హారం 5 శాతం పెరిగితే నిష్పత్తి 5 శాతం తగ్గుతుంది, డిగ్రీకి 1.2 శాతం లెక్కన అది సరిగ్గా నాలుగు డిగ్రీలు. యిటర్బీ ఊరివాళ్లు ముగ్గురు నా పొడిలో ఉంటే, నాలుగోవాడు పైకప్పు మీంచి వాళ్ల మాటకి అడ్డం పడ్డాడన్నమాట. ఇప్పుడు చాలాచోట్ల ఎల్‌ఈడీలు వచ్చాయి, వాటిలో ఇంత సూటి గీత ఉండదు గానీ వెడల్పాటి తెల్ల కాంతి రెండు కిటికీల్లోకీ వస్తుంది. కొలిచే ప్రతిసారీ లేజర్ ఆపి ఒక స్పెక్ట్రమ్ తీసి, దాన్ని తీసివేయండి. పెట్టె మీద నల్లగుడ్డ కప్పితే ఇంకా మంచిది. మా ల్యాబ్‌లో ఖరీదైన పరికరాల పక్కన ఇప్పటికీ ఒక పాత గొడుగు గుడ్డ వేలాడుతుంటుంది.

మూడోది కొంచెం లోతైన విషయం. లేజర్ పవర్ ఎక్కువైతే ఎర్బియం మూడో ఫోటాన్‌ని కూడా మింగి ఇంకా పై స్థాయికి వెళ్తుంది. అక్కడినుంచి నేలకి కాకుండా మధ్యలో ఉన్న ఒక స్థాయికి దిగేటప్పుడు 555 నానోమీటర్ల ప్రాంతంలో వెలుగుతుంది. అది మీ 545 పట్టీ తోకలో కలిసిపోయి కనపడదు. మీరు 535 నుంచి 565 దాకా కలిపి లెక్కేస్తుంటే అది కూడా హారంలోకి చేరుతుంది. పవర్ పెంచుతూ స్పెక్ట్రాలని ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. 545 పట్టీకి కుడి భుజం లేస్తుంటే అది ఈ దొంగే. కిటికీని 550 దగ్గరే కత్తిరించండి, పవర్ తగ్గించండి. ఒకసారి కిటికీ ఖాయం చేసుకున్నాక మళ్లీ మార్చొద్దు. క్యాలిబ్రేషన్‌లో (తెలిసిన ఉష్ణోగ్రతలతో పోల్చి సరిచూసుకునేటప్పుడు) ఒక కిటికీ, కొలతలో ఇంకో కిటికీ పెట్టి గందరగోళపడ్డ విద్యార్థుల్ని చాలామందిని చూశాను.

ఇక మీ హాట్‌ప్లేట్. గ్రాఫ్ చక్కగా వచ్చిందన్నారు కదా, సరళరేఖ వచ్చినంత మాత్రాన సరైన రేఖ అని కాదు. థర్మోకపుల్ ప్లేట్‌లో ఉంది, పొడి ప్లేట్ మీద వదులుగా పోసి ఉంది, లేజర్ చూసేది పొడి పైపొరని. ప్లేట్ 100 దగ్గర ఉన్నప్పుడు ఆ పైపొర కొన్ని డిగ్రీలు చల్లగా ఉండటం మామూలే. దీన్ని పట్టుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది, చాలామంది చెయ్యరు. మీ గ్రాఫ్ వాలు నుంచి అటక ఎత్తు లెక్కగట్టండి. తర్వాత మీ స్పెక్ట్రమ్‌లో రెండు పట్టీల మధ్యబిందువుల నుంచి నేరుగా ఆ ఎత్తు లెక్కగట్టండి. రెండూ దగ్గర దగ్గరగా రావాలి. స్పెక్ట్రమ్ 740 అంటుంటే గ్రాఫ్ 600 అంటోందంటే, ఎక్కడో తప్పు ఉంది. వెనకబడిన పైపొర, గది దీపం, ఈ రెండూ సాధారణంగా వాలుని తగ్గించేవే. నాకు ఎవరైనా పేపర్ చూపిస్తే సున్నితత్వం (డిగ్రీకి నిష్పత్తి ఎంత శాతం మారుతుందన్నది) ఎంతో తర్వాత చూస్తాను, ముందు వెతికేది ఈ రెండు అంకెలు కలిశాయా లేదా అని.

సున్నితత్వం మాట వచ్చింది కాబట్టి ఒక మాట. ఈమధ్య డిగ్రీకి ఐదు శాతం, పది శాతం అంటూ పెద్ద అంకెలు చూపించే పేపర్లు కనిపిస్తుంటాయి. చాలావాటిలో ఆ రెండు పట్టీలకీ బోల్ట్‌జ్‌మన్ సంబంధమే ఉండదు. ఒకటి ఒక అయాన్ నుంచి, ఇంకొకటి వేరే అయాన్ నుంచి, లేదా ఎర్బియం ఆకుపచ్చని ఎరుపుతో భాగిస్తారు. అలాంటి నిష్పత్తి ఉష్ణోగ్రతతో పాటు లేజర్ పవర్‌తోనూ మారుతుంది, రేణువు సైజుతోనూ మారుతుంది. చిన్న నానోకణాల్లో అయితే ఉపరితలం మీద పట్టిన తేమతో కూడా మారుతుంది, ఎందుకంటే నీటి అణువుల కంపనాలు ఈ అయాన్ల శక్తిని లాగేసుకుంటాయి. త్రాసు ముల్లు బాగా ఊగినంత మాత్రాన తూకం సరిగ్గా ఉన్నట్టు కాదు కదా. ఎర్బియం ఇచ్చే 1.2 శాతం చిన్న అంకే, కానీ అది ఎందుకు వస్తుందో మనకి తెలుసు.

ఇప్పుడు మీ రియాక్టర్‌కి నేనైతే ఏం చేస్తానో చెప్తాను. పొడిని ద్రావణంలో కలపను. రెండు కారణాలు. ఒకటి, చర్య జరుగుతుండగా ద్రావణం రంగు మారితే అది 525ని, 545ని ఒకే రకంగా మింగదు. పసుపు నుంచి ఎరుపుకి తిరిగే ద్రావణం 525ని ఎక్కువ తినేస్తుంది, అప్పుడు వేడెక్కుతున్న ద్రావణం చల్లబడుతున్నట్టు కనపడుతుంది. నిష్పత్తి పద్ధతి కాబట్టి వెలుగు ఎంత తగ్గినా ఫర్వాలేదని అనుకుంటాం. రెండు పట్టీలూ సమానంగా తగ్గినంతవరకే అది నిజం. రెండోది, ఈ ఫ్లోరైడ్ నానోకణాలు నీళ్లలో, ముఖ్యంగా ఫాస్ఫేట్ ఉన్న ద్రావణాల్లో మెల్లగా కరుగుతాయి. వేడి ద్రావణంలో ఆ రిస్క్ ఎందుకు?

దాని బదులు పొడిని సన్నటి గాజు గొట్టం కొసలో పెట్టి, ఆప్టికల్ ఫైబర్ కొసకి ఆనించి, మూతి కరిగించి మూసేస్తాను. అదే ఫైబర్‌లోంచి లేజర్ లోపలికి, ఆకుపచ్చ బయటికి. మధ్యలో ఒక డైక్రోయిక్ అద్దం (ఒక రంగుని పోనిచ్చి ఇంకో రంగుని తిప్పికొట్టేది), డిటెక్టర్ ముందు 980ని ఆపి ఆకుపచ్చని పోనిచ్చే షార్ట్‌పాస్ ఫిల్టర్. ఇందులో ఎక్కడా లోహం లేదు, నిప్పురవ్వలు రావు. ద్రావణం రంగుతో పని లేదు, ఎందుకంటే కాంతి గొట్టం దాటి బయటికి రాదు. గొట్టం వేడెక్కడానికి కొన్ని సెకన్లు పడుతుంది, కాబట్టి మైక్రోవేవ్ ఆన్ చేసిన వెంటనే వచ్చే ఎగుడుదిగుళ్లు పూర్తిగా దొరకవు. గొట్టం ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. లోపల కలియబెట్టడం మాత్రం తప్పనిసరి. మైక్రోవేవ్‌లో ఒక చోట ఉన్న వేడి ఇంకో చోట ఉండదు, అక్కడ ఏ థర్మామీటర్ అయినా తాను ఉన్న చోటు గురించే చెప్తుంది.

ఫైబర్ లోపలికి పంపడానికి రియాక్టర్‌కి కంపెనీవాళ్లు ఇచ్చిన ద్వారం ఉంటే అదే వాడండి. ఇంట్లో వాడే ఓవెన్‌కి డ్రిల్లు పెట్టి బెజ్జం చేసే ఆలోచన ఉంటే వెంటనే మానుకోండి.

క్యాలిబ్రేషన్ హాట్‌ప్లేట్ మీద కాకుండా సిలికోన్ ఆయిల్ బాత్‌లో చెయ్యండి. బాగా కలియబెడుతూ, ప్లాటినం నిరోధక థర్మామీటర్‌ని గొట్టానికి ఆనించి కట్టి, 30 నుంచి 200 దాకా ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి. ప్రతి మెట్టు దగ్గరా పది నిమిషాలైనా ఆగండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు గీతలు వేరుగా పడితే మీరు ఆగలేదని అర్థం. ముఖ్యంగా, ఏ ఫైబర్, ఏ ఫిల్టర్, ఏ లేజర్ పవర్‌తో క్యాలిబ్రేట్ చేశారో సరిగ్గా అవే రియాక్టర్‌లోకి వెళ్లాలి. ఫిల్టర్ ఒక్కటి మార్చినా మళ్లీ మొదటికే.

ఇంకో నిష్ఠూరమైన మాట. మీకు కావలసింది చర్య ఉష్ణోగ్రత మాత్రమే అయితే, ఎర్బియం గురించి థీసిస్ రాయాల్సిన పని లేకపోతే, తయారుగా దొరికే ఫైబర్ థర్మామీటర్ కొనుక్కోవడం మేలు. ఇవి కొత్తవేం కాదు. అమెరికాలో లక్స్‌ట్రాన్ అనే సంస్థ 1980ల నాటికే ఇలాంటివి అమ్మింది. మొదట్లో యూరోపియం కలిపిన ఆక్సీసల్ఫైడ్ పొడి రంగుల నిష్పత్తిని వాడారు, తర్వాత మాంగనీస్ కలిపిన ఇంకో పొడి ఎంతసేపట్లో ఆరిపోతుందో కొలిచే పద్ధతికి మారారు. మైక్రోవేవ్‌ల్లోనూ, పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టల మధ్యా, ఎంఆర్‌ఐ గదుల్లోనూ, అంటే లోహపు తీగ పెట్టలేని ప్రతిచోటా, ఫైబర్ థర్మామీటర్లు పనిచేస్తున్నాయి. ఆరిపోయే సమయం కొలిచే పద్ధతిలో ద్రావణం రంగు గొడవ ఉండదు, రెండు పట్టీల గొడవ ఉండదు. పల్స్‌లుగా వెలిగే లైటు, వేగంగా స్పందించే డిటెక్టర్ కావాలి, అంతే.

ఉష్ణోగ్రత ఇంకా పైకి, వెయ్యి డిగ్రీలు దాటితే ఎర్బియంని పక్కనపెట్టండి. అక్కడ వస్తువే ఎర్రగా మండుతూ వెలుగుతుంటుంది, ఆ వెలుగులో మన ఆకుపచ్చ మునిగిపోతుంది. గ్యాస్ టర్బైన్ పూతల మీద కొలిచేవాళ్లు యాగ్ అనే స్ఫటికంలో డిస్ప్రోసియం అనే ఇంకో లాంథనైడ్ పెట్టి నీలం వైపు, 455-490 ప్రాంతంలో చూస్తారు, ఎందుకంటే వేడి వస్తువు వెలుగులో నీలం పాలు తక్కువ. మీకు అంత దూరం అక్కర్లేదు.

జీవకణం ప్రశ్నకి క్లుప్తంగా. అవును, చేశారు. 2010లో ఫియొరెంజో వెట్రోన్ బృందం ఇదే ఎర్బియం, యిటర్బియం నానోకణాలని హీలా క్యాన్సర్ కణాల్లోకి పంపి, కణాన్ని బయటినుంచి వేడిచేస్తూ 25 డిగ్రీల నుంచి అది చచ్చిపోయే 45 డిగ్రీల దాకా కొలిచింది. అందులో పేచీ లేదు. పేచీ అంతా, కణం తన పని తాను చేసుకుంటూ లోపల ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కుతోందని చెప్పే కొలతలతోనే. 2014లో గియోమ్ బఫూ, అతని సహచరులు ఒక మామూలు లెక్క వేసి చూపించారు. ఒక కణం వెలువరించే వేడి సుమారు 100 పికోవాట్లు (పికోవాట్ అంటే వాట్‌లో లక్ష కోట్లో వంతు), దాని సైజు 10 మైక్రాన్లు, చుట్టూ నీరు. ఆ లెక్కన పెరిగే ఉష్ణోగ్రత డిగ్రీలో లక్షో వంతు. కొలతలు చెప్పేది డిగ్రీ. మధ్యలో లక్ష రెట్ల తేడా! దాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నా పక్షపాతం మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది, నాలుగు డిగ్రీల తేడా ట్యూబ్‌లైట్ వల్ల వచ్చిందని కనుక్కోవడానికి నెలలు పట్టినవాణ్ని నేను.

కింద వ్యాఖ్యల్లో ఒకరు మన భీమిలి ఇసుకలో ఈ మూలకాలు ఉన్నాయి కదా, పొడి ఇక్కడే చెయ్యొచ్చు కదా అని అడిగారు. ఆ తీరపు ఇసుకలో మోనజైట్ ఉన్న మాట నిజమే. కానీ మోనజైట్‌లో ఎక్కువగా ఉండేవి తేలిక లాంథనైడ్లు, అంటే సీరియం, లాంథనం, నియోడిమియం లాంటివి. ఎర్బియం, యిటర్బియం అందులో బహు కొద్ది. పైగా దాంతోపాటు థోరియం ఉంటుంది కాబట్టి అది అణు ఇంధన శాఖ నియంత్రణలో ఉండే ఖనిజం. బీచ్‌కి వెళ్లి బకెట్‌తో తెచ్చుకునే సరుకు కాదు.

ఆఖరుగా భద్రత. 980 లేజర్ కంటికి కనపడదు, రెప్ప వాలదు. పొడి మీద అందమైన ఆకుపచ్చ చుక్క కనపడుతుంటే అదే లేజర్ అనుకుని దగ్గరికి వంగి చూస్తారు, దాని పక్కనే కనపడని అసలు కిరణం తిరిగి కంట్లోకి వస్తుంది. 980కి తగిన కళ్లద్దాలు, మామూలు నల్లద్దాలు కాదు, లేకుండా లేజర్ ఆన్ చెయ్యొద్దు. రాగి దిమ్మలాంటి మెరిసే వస్తువులుంటే మరీ జాగ్రత్త.

మీ దగ్గరినుంచి నాకు కావలసినవి నాలుగు: మీ గ్రాఫ్ వాలు, స్పెక్ట్రమ్‌లో రెండు పట్టీల మధ్యబిందువులు, లేజర్ పవర్, పొడి మీద పడే చుక్క సైజు. మొదటి రోజు కొలిచినప్పుడు గదిలో లైటు వేసి ఉందో లేదో కూడా గుర్తుంటే రాయండి. అవి వస్తే పది డిగ్రీల్లో ఎన్ని ఎవరి ఖాతాలోకి వెళ్తాయో ఇక్కడే లెక్క కడదాం.